మాట ఇచ్చేదెవరు, పని చేసేదెవరు: ‘ప్రామిస్’ క్రియ బోధనపై ఒక సంవాదం

ఆంగ్లంలో ‘ప్రామిస్’ అనే క్రియ మాట ఇవ్వడాన్ని తెలుపుతుంది. నడుస్తున్నానని చెప్పినంత మాత్రాన ఎవరూ నడిచినట్లు కాదు గాని, మాట ఇస్తున్నానని చెప్పడంతోనే మాట ఇవ్వడం పూర్తవుతుంది. పలకడమే చేయడమైన ఇటువంటి మాటలను ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాలలో విస్తారంగా పరిశీలించగా, ఆయన మరణానంతరం 1962లో అవి గ్రంథరూపంలో వెలువడ్డాయి. వక్తను ముందు జరగవలసిన ఒక పనికి కట్టివేసే మాటలకు ఆయన ప్రత్యేకంగా ఒక వర్గాన్ని ఏర్పరచాడు. తెలుగులో వాటిని బాధ్యతా వచనాలని పిలుచుకోవచ్చు. 1969లో జాన్ సెర్ల్ ‘ప్రామిస్’నే మాదిరిగా తీసుకొని, మాట మాటగా నిలవడానికి కావలసిన షరతులను విడదీసి చూపాడు: పని ముందు జరగవలసినదై ఉండాలి, దానిని చేయవలసినవాడు మాట ఇచ్చినవాడే కావాలి, అది జరగడం ఎదుటివానికి ఇష్టమై ఉండాలి, ఇష్టం లేనప్పుడు అదే మాట బెదిరింపుగా మారుతుంది. చీనా భాష మాతృభాషగా గలవారికి ఆంగ్లం నేర్పే చోట ఈ షరతులలో రెండవది, అంటే పని చేసేవాడెవరన్నది, పెద్ద చిక్కుగా పరిణమిస్తుంది.

ఆ చిక్కు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాకు దూరపు విషయమేమీ కాదు. 2004లో ధర్మపురి నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో హోసూరు మొదలుకొని అనేక తాలూకాలలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలున్నాయి. జోలార్‌పేట–సేలం రైలుమార్గం మీద ఊత్తంగరై తాలూకాలో ఉన్న సామల్పట్టి వంటి ఊళ్ళలో తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ తమిళం, పుస్తకంలో ఆంగ్లం పట్టుకొని పెరుగుతాడు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. మరోవైపు బర్గూరు సిప్కాట్ పారిశ్రామిక వాడలో తైవాన్ పెట్టుబడితో పాదరక్షల తయారీ సాగుతున్నందున, చీనా భాష మాట్లాడే అధికారికీ తెలుగు, తమిళం మాట్లాడే కార్మికులకూ మధ్య వారధిగా మిగిలేది ఆంగ్లమొక్కటే. ఇరువైపులవారికీ అది నేర్చుకున్న భాష. ‘ప్రామిస్’ను అక్కడ ఎలా నేర్పాలన్న ప్రశ్నకు ఉన్న రెండు వైఖరులను, సామల్పట్టిలో ఆంగ్లోపాధ్యాయుడిగా పనిచేసి విరమించిన మామ నోటా, కర్మాగారాలలో ఆంగ్లశిక్షణ ఇచ్చే మేనల్లుడి నోటా పలికించడం ఈ సంవాదపు పద్ధతి. వారిద్దరూ కల్పిత పాత్రలే.

మామ: క్రియకు ఒక చట్రం ఉంటుంది, అల్లుడూ. అర్థం ఎంత వివరించినా ఆ చట్రం చేతికి రానిదే వాక్యం నిలబడదు. ‘హి టోల్డ్ మి టు కమ్’ అంటే రావలసింది వింటున్నవాడు. ‘హి ప్రామిస్డ్ మి టు కమ్’ అంటే రావలసింది మాట ఇచ్చినవాడు. రెండు వాక్యాలూ పైకి ఒకే పోతగా కనిపిస్తాయి గాని కర్త మారిపోతాడు. ఆంగ్లం మాతృభాషగా పుట్టిన పిల్లలకే ఇది ఆలస్యంగా పట్టుబడుతుందని కేరల్ చోమ్‌స్కీ 1969లో ప్రచురించిన పరిశోధన చూపింది. 5 నుంచి 10 ఏళ్ల మధ్య పిల్లల చేతికి రెండు బొమ్మలిచ్చి, ఒక బొమ్మ రెండవ దానికి పల్టీ కొడతానని మాట ఇచ్చినట్లు ఆంగ్లంలో చెప్పి ఆడించమంటే, చాలామంది చిన్నపిల్లలు మాట పొందిన బొమ్మ చేత పల్టీ కొట్టించారు. క్రియకు దగ్గరగా ఉన్న పేరే కర్త అన్న సాధారణ సూత్రాన్ని వారు పట్టుకున్నారు. ‘ప్రామిస్’ ఆ సూత్రానికి లొంగదు. అమ్మ ఒడిలో నేర్చుకున్నవారికే ఇంత కష్టమైనప్పుడు, పెరిగి పెద్దయిన తరువాత నేర్చుకునేవారికి సూత్రం ముందుగా చెప్పకపోతే ఎలా?

అల్లుడు: ఆ పరిశోధన మీరు చెప్పినట్లే ఉంది, మామా. అయితే ఆ పిల్లలు చేసిన తప్పూ చీనా భాషీయులు చేసే తప్పూ పైకి ఒకటిగా కనిపించినా, వాటి వేళ్లు వేరువేరు చోట్ల ఉన్నాయి. చీనా భాషలో ‘ప్రామిస్’కు నిఘంటువు చూపే తొలి మాట ‘దాయింగ్’. పిలిస్తే పలకడం, అడిగితే సరేననడం, చేస్తానని మాట ఇవ్వడం, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ‘తా దాయింగ్ వో ఛ్యూ’ అనే వాక్యాన్ని తీసుకోండి. అందులోని మాటలు వరుసగా అతడు, సరేనను, నేను, వెళ్ళు. ఆ భాషలో సర్వనామాలకు విభక్తులు లేవు కనుక ‘వో’ అన్నది ‘నేను’ కావచ్చు, ‘నాకు’ కావచ్చు. క్రియకు పురుష ప్రత్యయం లేదు కనుక వెళ్ళేదెవరో ‘ఛ్యూ’ చెప్పదు. అందువల్ల ఆ వాక్యానికి ‘తాను వెళతానని అతడు నాకు మాట ఇచ్చాడు’ అనీ అర్థం వస్తుంది, ‘నేను వెళ్ళడానికి అతడు ఒప్పుకున్నాడు’ అనీ అర్థం వస్తుంది. ఇప్పుడు ఒక తైవాన్ అధికారి తన పైవాడు సెలవు మంజూరు చేసిన సంగతిని ఆంగ్లంలో చెప్పబోయి, ‘మై బాస్ ప్రామిస్డ్ మి టు గో హోమ్’ అన్నాడనుకుందాం. అతని మనసులో ఇంటికి వెళ్ళేది తాను. ఆంగ్లం విన్నవాడి మనసులో ఇంటికి వెళ్ళేది పైవాడు. ఇక్కడ చట్రం సరిగానే ఉంది, క్రియ ఎంపికలోనే దోషముంది. కర్త సూత్రం ఎంత నూరిపోసినా ఈ తప్పు పోదు, ఎందుకంటే అతనికి కావలసిన క్రియ ‘ప్రామిస్’ కానే కాదు. అనుమతినిచ్చే ‘అలవ్’ గాని, ఒప్పుకోవడాన్ని తెలిపే ‘అగ్రీ’ గాని కావాలి.

ఈ వాదానికి బలముంది. ‘దాయింగ్’కు ముందు ఒక అడగడం ఉంటుంది, ఎవరో అడగాలి, అప్పుడే సరేనడం కుదురుతుంది. ‘ప్రామిస్’కు అటువంటి ముందరి అడుగు అక్కరలేదు, ఎవరూ అడగకుండానే మాట ఇవ్వవచ్చు. చీనా భాషీయుల రాతలలో ‘హి ప్రామిస్డ్ మై రిక్వెస్ట్’ వంటి వాక్యాలు పుట్టడానికి కారణం ఇదే: వారి భాషలో సరేననే క్రియకు విన్నపం నేరుగా కర్మగా వస్తుంది. ఆంగ్లంలో బహుమతిని, ఉద్యోగాన్ని, సహాయాన్ని, అంటే ఇవ్వదగిన దానిని ‘ప్రామిస్’ చేస్తారు గాని, వచ్చిన విన్నపాన్ని ‘ప్రామిస్’ చేయరు.

మామ: క్రియ ఎంపికలో దోషముందని ఒప్పుకుందాం. అయినా ఆ దోషాన్ని చూపించడానికి మళ్ళీ కర్త గురించే మాట్లాడవలసి వచ్చింది కదా. మన భాషను చూడు. ‘వస్తానని మాట ఇచ్చాడు’ అన్నప్పుడు ‘వస్తాను’ అన్న ఉత్తమపురుష క్రియే వచ్చేవాడెవరో చెప్పేస్తుంది. ‘రమ్మని చెప్పాడు’ అన్నప్పుడు ఆజ్ఞార్థకం మరొకరిని చూపుతుంది. తమిళంలోనూ ‘వరువేన్ ఎన్ఱు’ అనే కూర్పు ఇదే పని చేస్తుంది. కాబట్టి సామల్పట్టి పిల్లవాడికి ఇంటిభాషా బడిభాషా రెండూ కర్తను చేతికందిస్తాయి. చీనా భాషీయుడికి ఆ ఆసరా లేదు. లేనివాడికి దానిని సూత్రరూపంలో ఇవ్వడం ఉపాధ్యాయుడి విధి.

అల్లుడు: ఆసరా ఉన్నమాట నిజమే, కాని అదే మనవాడిని ఇంకొక గుంటలోకి నెడుతోంది. ‘తాను వస్తానని మాట ఇచ్చాడు’ అనే వాక్యాన్ని తెలుగు పిల్లవాడు ఆంగ్లంలోకి మార్చినప్పుడు, ‘వస్తాను’లోని ఉత్తమపురుషను అలాగే ఉంచి ‘హి ప్రామిస్డ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తాడు. ‘అని’ అన్న మాట మనకు ఎదుటివాడి నోటి మాటను ఉన్నదున్నట్లు మోసుకొస్తుంది; ఆంగ్లంలోని ‘దట్’ అలా మోయదు, అది మాటను చెప్పేవాడి వైపు నుంచి తిరగరాయమంటుంది. ‘ఐ’ని ‘హి’గా, ‘విల్’ను ‘వుడ్’గా మార్చాలి. తెలుగువాడి తప్పు ఇక్కడ ఉంది. తమిళంలోనూ మాటను ఉన్నదున్నట్లు మోసే పద్ధతే కనుక బడి కూడా దీనిని దిద్దలేదు. ఇక తెలుగు ప్రతిచోటా కర్తను పట్టిస్తుందన్న మాట కూడా పూర్తిగా నిలవదు, మామా. ‘మాట ఇచ్చు’ను వదిలి ‘ఒప్పుకొను’ను తీసుకోండి. ‘అమ్మ ఊరికి వెళ్ళడానికి ఒప్పుకుంది’ అంటే వెళ్ళేది అమ్మా, అడిగిన పిల్లా? సందర్భం చూసి తేల్చుకోవలసిందే. చీనా ‘దాయింగ్’లోని సందిగ్ధతకు మన ‘ఒప్పుకొను’ సరిసాటి.

మామ పక్షాన ఇక్కడ జవాబు సులువుగా దొరకదు, ఎందుకంటే ఉదాహరణ తెలుగులోనిదే, ప్రతి తెలుగువాడూ పరీక్షించుకోగలిగినదే. అయితే ఓడిన వాదాన్ని పట్టుకొని వేలాడడం కంటె దానినే తన వైపు తిప్పుకోవడం మంచి తార్కికుడి లక్షణం.

మామ: అలాగైతే పాఠం ఇంకా తేలికవుతుంది. తెలుగు తెలిసిన శిక్షకుడు ‘దాయింగ్’ను తన మనసులో ‘ఒప్పుకొను’గా గుర్తుపెట్టుకుంటే చాలు. చీనా భాషీయుడు ‘ప్రామిస్’ అన్నప్పుడల్లా, ‘ఒప్పుకోవడమా, మాట ఇవ్వడమా?’ అని అడిగి చూడాలి. ఒప్పుకోవడమైతే ‘అగ్రీ టు’, మాట ఇవ్వడమైతే ‘ప్రామిస్’. ఇదీ సూత్రమే, కాకపోతే రెండు క్రియలను వేరుచేసే సూత్రం. దీనిని కంఠస్థం చేయించడానికి మంచి వాక్యం జేబులోనే ఉంది. 100 రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన ఆంగ్లంలో ఉన్న వాక్యం, నోటు తెచ్చినవాడికి ఆ మొత్తం చెల్లిస్తానని మాట ఇస్తుంది. చెల్లించేవాడు మాట ఇచ్చినవాడే. తెలుగువాడూ తైవానువాడూ రోజూ చేతులు మార్చుకునే కాగితం అది.

అల్లుడు: నోటు మంచి ఉదాహరణే, కాని అందులో కష్టమైన భాగం లేదు. ‘ఐ ప్రామిస్ టు పే’ అన్నచోట క్రియ పక్కన మాట పొందినవాడి పేరు లేదు. నోటు తెచ్చినవాడు ‘పే’కు కర్మ, ‘ప్రామిస్’కు కాదు. పక్కన పేరు లేనప్పుడు ఎవరూ తప్పు చేయరు. కేరల్ చోమ్‌స్కీ పరీక్షించిన పిల్లలు తడబడింది పక్కన పేరు ఉన్నప్పుడే. పైగా 1 రూపాయి నోటు మీద ఆ వాక్యమే ఉండదు. దానిని జారీ చేసేది రిజర్వు బ్యాంకు కాదు, భారత ప్రభుత్వం. సంతకం ఆర్థికశాఖ కార్యదర్శిది.

మామ: కష్టం లేకపోవడమే తొలి పాఠానికి కావలసింది, అల్లుడూ. ఈ ప్రాంతంలో అప్పు తీసుకున్న ప్రతి రైతుకూ ప్రోనోటు అంటే తెలుసు. 1881 నాటి చట్టం 4వ సెక్షను ప్రకారం అది షరతు లేకుండా ఒకరికి సొమ్ము చెల్లిస్తానని రాసి సంతకం చేసిన పత్రం. బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ, చెల్లిస్తానన్న భావం రాకుండా రాసిన చీటీ ప్రోనోటు కాదు. ఒప్పుకోవడానికీ మాట ఇవ్వడానికీ ఉన్న తేడాను చట్టమే ఇంత స్పష్టంగా గీసి చూపుతుంటే, అంతకన్న మంచి పాఠ్యపుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

అల్లుడు: చట్టం సంగతి ఎత్తారు కనుక దానిని కొంచెం లోతుగా చూడాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 2వ సెక్షనులో, ప్రతిపాదన ఆమోదం పొందినప్పుడు ‘ప్రామిస్’ అవుతుంది; ప్రతిపాదన చేసినవాడు మాట ఇచ్చినవాడు, ఆమోదించినవాడు మాట పొందినవాడు. ఇప్పుడు చీనా వైపు రండి. ‘దాయింగ్’ నోటి మాట అయితే, కాగితం మీద గంభీరంగా రాసేటప్పుడు వాడే మాట ‘చెంగ్‌నువో’. నిఘంటువు దానికీ ‘ప్రామిస్’ అనే రాస్తుంది. కాని 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చీనా పౌరస్మృతిలో, తైవాన్ పౌరస్మృతిలో కూడా, ‘చెంగ్‌నువో’ అంటే వచ్చిన ప్రతిపాదనను ఆమోదించడం. అంటే భారత చట్టం ‘ప్రామిస్’ను ప్రతిపాదించినవాడి మెడకు చుడుతుంటే, చీనా, తైవాన్ చట్టాలు తమ మాటను ఆమోదించినవాడి నోట పెడుతున్నాయి. సరుకు ఒప్పందాల గురించి ఒక కృష్ణగిరి గుమాస్తా, ఒక తైవాన్ అధికారి ఆంగ్లంలో మాట్లాడుకుంటున్నప్పుడు, ‘మీ ప్రామిస్ ఏది?’ అన్న ప్రశ్నకు ఒకరు ప్రతిపాదన కాగితం తీస్తారు, ఇంకొకరు ఆమోద పత్రం తీస్తారు. ఇద్దరిలో ఎవరి వ్యాకరణమూ తప్పు కాదు. ఇది కర్త సూత్రంతో తీరే చిక్కేనా, మామా?

ఈ పరిశీలన సంవాదాన్ని వ్యాకరణపు గడప దాటిస్తుంది. ఆమోదించడమే మాట ఇవ్వడమన్న భావన చీనా వైపు నోటి మాటలోనూ చట్టభాషలోనూ సమానంగా పాతుకొని ఉన్నదనీ, ఆ భాషీయుడు ‘ప్రామిస్’ను జవాబుగా వాడడం అజ్ఞానం వల్ల జరిగే పని కాదనీ దీనివల్ల తెలుస్తుంది. అందువల్ల అతని వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టివేసే ఉపాధ్యాయుడు, ఆ వాక్యం వెనుక ఉన్న తర్కాన్ని ముందుగా గుర్తించడం న్యాయం. తర్కాన్ని గుర్తించిన తరువాత దిద్దితే దిద్దుబాటు నిలుస్తుంది.

మామ: తీరదు, ఒప్పుకోక తప్పదు. కాని అర్థమే అన్నీ చూసుకుంటుందన్న నీ ధీమాకు కూడా ఒక హద్దు ఉంది. సినిమాలలో, కళాశాలలలో తెలుగు పిల్లలు ‘ప్రామిస్, తీయలేదు’ అంటారు. అక్కడ ముందు జరగవలసిన పని ఏదీ లేదు; జరిగిపోయిన దాని గురించి ఒట్టు వేస్తున్నారు. అర్థాన్నే పట్టుకొని పోతే దానిని తప్పనాలి కదా?

అల్లుడు: అననక్కరలేదు. డబ్బు తీశావని నింద పడినవాడు తీయలేదని గట్టిగా చెప్పడానికి ‘ఐ ప్రామిస్ యు’ అనడం ఆంగ్లంలోనే ఉంది; సెర్ల్ కూడా ఆ వాడుకను ప్రత్యేకంగా చర్చించాడు. తన మాటకు తాను కట్టుబడడమన్న మూలభావం అక్కడా పోలేదు. తెలుగు పిల్లవాడి ఒట్టు ఆంగ్లానికి దూరం కాలేదు. దూరమైనది మరొకటి ఉంది. పని ఎప్పటికవుతుందని అధికారి అడిగినప్పుడు, మనవాళ్ళు మర్యాదకు ‘సరే సార్, అయిపోతుంది’ అంటారు. మనకు అది విన్నానని ఊఁ కొట్టడం. సరేనడమే మాట ఇవ్వడమైన భాష నుంచి వచ్చినవాడికి అది పక్కా మాట. సాయంత్రానికి పని కాకపోతే అతని దృష్టిలో మాట తప్పినట్లు, మనవాడి దృష్టిలో ఆలస్యమైనట్లు. కనుక పాఠం చీనా భాషీయుడికి మాత్రమే సరిపోదు. ‘ఐ విల్ ట్రై’ ఎప్పుడనాలో, ‘ఐ ప్రామిస్’ ఎప్పుడనకూడదో మన కార్మికులకు కూడా నేర్పాలి.

ఈ చివరి మాటతో మామ విభేదించలేదు. ఆయన పట్టు విడవనిది ఒక్క చోట: వాక్య చట్రాన్ని పక్కన పెట్టి సందర్భాలతోనే నేర్పితే, కొత్త సందర్భం ఎదురైనప్పుడు నేర్చుకున్నవాడు మళ్ళీ పాత తప్పులోకే జారిపోతాడని ఆయన వాదం. ‘హి వాజ్ పర్‌స్వేడెడ్ టు లీవ్’ సరైన వాక్యం కాగా, ‘హి వాజ్ ప్రామిస్డ్ టు లీవ్’ ఆంగ్లంలో నిలవదు. ‘హి వాజ్ ప్రామిస్డ్ ఎ రైజ్’ మాత్రం చక్కగా నిలుస్తుంది. ఇటువంటి తేడా ఏ సందర్భం నుంచీ దానంతట అది బయటపడదనీ, ఎవరో ఒకరు చెప్పవలసిందేననీ ఆయన చూపినది సత్యమే. మాట ఇచ్చినవాడే కర్త అయినప్పుడు, అతడిని వాక్యం నుంచి తొలగించే కర్మణి ప్రయోగం ఆ కర్తృత్వానికి ఆధారం లేకుండా చేస్తుందన్నది ఈ నిషేధం వెనుక ఉన్న కారణం. కారణం చెప్పగలిగిన సూత్రాన్ని బండసూత్రమని తోసివేయడం తగదు.

అయితే ఏది ముందు నేర్పాలన్న ప్రశ్నకు జవాబు నేర్చుకునేవాడి భాషను బట్టి మారవలసి ఉంటుంది. చీనా భాషీయుడికి ‘అగ్రీ’, ‘అలవ్’, ‘ప్రామిస్’ అనే మూడు క్రియలనూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చూపాలి, ఎవరు అడిగారు, ఎవరు చేస్తారు అన్న రెండు ప్రశ్నలనూ ప్రతి వాక్యానికీ వేయించాలి. తెలుగు, తమిళ భాషీయుడికి ఒప్పుకోవడానికీ మాట ఇవ్వడానికీ ఉన్న తేడా తన భాషలోనే ఉంది కనుక, ‘దట్’ తరువాత పురుషనూ కాలాన్నీ మార్చడం మీద శ్రమ పెట్టాలి. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే అభ్యాసపత్రం చేయించే శిక్షణ, ఇద్దరిలో ఒకరి కాలాన్ని తప్పక వృథా చేస్తుంది.

మరొక నిర్ణయం కూడా ఇక్కడ చెప్పదగినది. ‘ప్రామిస్’ పక్కన మనిషి పేరు, ఆ వెంటనే ‘టు’ వచ్చే కూర్పును ఆంగ్లం మాతృభాషగా గలవారిలోనే కొందరు ఇష్టపడక ‘దట్’తో చెబుతారు. పిల్లలను తడబడేట్లు చేసినదీ, చీనా భాషీయుడి నోట అర్థం తారుమారయ్యేదీ ఆ కూర్పే. కాబట్టి మనిషి పేరు ఉంటే ‘దట్’, పేరు లేకపోతే ‘టు’ అని తొలి ఏడాది పాఠాలలో నిర్దేశించి, పేరూ ‘టు’ కలిసివచ్చే ఆ మూడవ కూర్పును చదివి అర్థం చేసుకోవడానికి మాత్రమే పరిమితం చేయడం మేలు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల పరిశ్రమలకు ఆంగ్ల శిక్షణ పాఠాలు తయారు చేసేవారు ఈ ఒక్క మార్పునైనా ముందుగా చేపట్టాలి.